పెట్టె ముందా, నాయనమ్మ ముందా? ఇంటి చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి

పాతపెట్టె:
అందరికీ నమస్కారం. మా పెద్దతాతయ్య వాళ్ల ఇల్లు ఖాళీ చేస్తుంటే ఒక ట్రంకుపెట్టె బయటపడింది. పారేస్తామంటే నేను తెచ్చుకున్నాను. అందులో దాదాపు రెండు వందల ఫొటోలు, నాలుగు కట్టల ఉత్తరాలు, కొన్ని స్కూలు సర్టిఫికెట్లు, ఖర్చులు రాసుకున్న రెండు నోటుపుస్తకాలు, ఒక ఆడియో క్యాసెట్ ఉన్నాయి. నాలుగు వారాలుగా ప్రతి శని, ఆదివారాలు స్కానర్ ముందే కూర్చుంటున్నాను. ఇప్పటికి అరవై ఫొటోలు అయ్యాయి.

చాలా ఫొటోల్లో ఉన్నది ఎవరో తెలియడం లేదు. ఒకదాని వెనక పెన్సిల్‌తో "అత్తయ్యతో, 1961" అని మాత్రం రాసి ఉంది. ఫొటోలో ఇద్దరు ఆడవాళ్లు, ఒక చిన్న పిల్లాడు. నాన్న చూసి "మా మేనత్త అయ్యుంటుంది" అన్నారు. బాబాయి కాదన్నారు. అక్కడితో ఆగిపోయింది.

మా నాయనమ్మకు 87 ఏళ్లు, మాతోనే ఉంటుంది. పాత సంగతులు బాగానే గుర్తున్నాయి కానీ, పొద్దున చెప్పింది సాయంత్రానికి మర్చిపోతోంది. అన్నీ స్కాన్ చేసి, ఏళ్ల వారీగా పేర్చి, అప్పుడు ఒకేసారి ఆవిడకు చూపిద్దామని నా ఆలోచన. చేసేది నేనొక్కదాన్నే. ఈ లెక్కన ఏడాది పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏది ముందు చేయాలి? చేసినవి ఎలా దాచాలి? నా మనవల దాకా అందాలని కోరిక.

ఆకాశదీపం:
ఈ రోజే స్కానర్ ఆపేయండి. నాయనమ్మగారి దగ్గర కూర్చోండి. పెట్టెకు అరవై ఏళ్లు గడిచాయి, ఇంకో ఏడాది గడుస్తుంది. ఆవిడ జ్ఞాపకం అలా ఆగదు.

నా సంగతి చెబుతాను. అమ్మతో మాట్లాడి రికార్డు చేయాలని మంచి రికార్డర్ కొన్నాను. ప్రశ్నలు రాసుకున్నాను, 112 అయ్యాయి. అమ్మకు కొంచెం ఒంట్లో బాగా లేదు, కోలుకున్నాక తీరిగ్గా చేద్దామనుకున్నాను. అమ్మ కోలుకోలేదు. ఆ ప్రశ్నల కాగితం ఇప్పటికీ నా సొరుగులో ఉంది. అమ్మ గొంతు నా దగ్గర మిగిలింది ఫోన్‌లోని ఒక వాయిస్ మెసేజ్‌లోనే, 40 సెకన్లు. అందులో బీరువా తాళం ఎక్కడ పెట్టావని నన్ను అడుగుతుంది. అది నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

అన్నీ సిద్ధమయ్యాక అడుగుదాం అనుకోవద్దు. ఒక్క ఫొటో తీసుకుని ఈ రాత్రే వెళ్లండి.

నిదానం:
పై మాట నూటికి నూరుపాళ్లు నిజం. 26 ఏళ్లు పాత కాగితాల సంరక్షణలోనే పనిచేసినవాణ్ణి, నేనూ అదే చెబుతాను: మనిషి ముందు, కాగితం తర్వాత. కాకపోతే పెట్టెను ఏడాది ఆపాలంటే ఒక పూట పని ఉందమ్మా. అది చేసి నిశ్చింతగా పక్కన పెట్టండి.

ముందు పెట్టెను నేల మీంచి ఎత్తండి. బాత్రూమ్ గోడకు ఆనించిన అల్మారాలోనూ, పైకప్పు వేడెక్కే అటక మీదా పెట్టొద్దు. మీరు రోజూ తిరిగే గదే కాగితానికీ మంచిది. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది. 30 నుంచి 50 మధ్య ఉంటే కాగితం హాయిగా ఉంటుంది. తేమ చూపించే చిన్న మీటర్ ఒకటి లోపల పెట్టుకోండి.

తర్వాత ఉత్తరాలకు గుచ్చిన గుండుసూదులు, పేపర్ క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. లోహం తుప్పు పడుతుంది, రబ్బరు కరిగి కాగితానికి అంటుకుంటుంది. న్యూస్‌పేపర్ కటింగులు ఉంటే మిగతా వాటి నుంచి విడదీయండి. న్యూస్‌పేపర్‌ను చవక చెక్కగుజ్జుతో చేస్తారు, లోపల లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఉండిపోతుంది. అదే దాన్ని పచ్చబరిచి, పెళుసు చేస్తుంది. అలా పాడవుతూ అందులో ఆమ్లం పుడుతుంది, అది పక్క కాగితానికీ పాకుతుంది. పాత ఉత్తరాల మధ్య కటింగ్ ఆకారంలో గోధుమరంగు మచ్చ ఎక్కడైనా కనిపిస్తే కారణం ఇదే.

పేజీలు తిప్పేటప్పుడు చేతులు కడిగి, పూర్తిగా ఆరబెట్టుకుంటే చాలు. కాగితానికి గ్లవ్స్ వద్దు, వేళ్లకు స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. ఫొటోలకైతే గ్లవ్స్ మంచివి, లేకపోతే అంచులు మాత్రమే పట్టుకోండి.

రేపటికోసం:
మా నాన్నగారి సర్టిఫికెట్లు, పాత ఫొటోలు అన్నీ నేను లామినేషన్ చేయించాను. పదేళ్లయింది, అద్దంలా ఉన్నాయి. పాతపెట్టె గారూ, అదే తేలిక. రెండు రోజుల్లో అయిపోతుంది.

నిదానం:
రేపటికోసం గారూ, మీరు ప్రేమతో చేశారు, అది నాకు అర్థమైంది. కానీ ఇంకెవరూ చేయొద్దని గట్టిగా చెప్పక తప్పదు. లామినేషన్‌లో వేడితో ప్లాస్టిక్‌ను కాగితానికి కరిగించి అంటిస్తారు. కాగితానికి హాని లేకుండా దాన్ని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. కాగితంలో ఉన్న ఆమ్లం లోపలే ఉండి పనిచేస్తూనే ఉంటుంది. సంరక్షణలో మాకు మొదట నేర్పిన సూత్రం ఒకటుంది: తర్వాతివాళ్లు విప్పలేని పని ఏదీ చేయకూడదు. సెల్లోటేప్‌ కూడా అందుకే వద్దు.

మీరు చేయించినవాటిని ఇప్పుడు కదపకండి. మంచి స్కాన్ తీసి, ఎండ తగలని చోట పెట్టండి.

దాచడానికి పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ కవర్లు బాగుంటాయి. కొత్త ప్లాస్టిక్ వాసన ఘాటుగా కొట్టే పీవీసీ కవర్లు వద్దు, వాటిలోంచి వచ్చే ఆవిర్లు ఫొటోను పాడుచేస్తాయి. జిగురు పేజీల మీద ఫొటో పెట్టి పైన పల్చటి ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బమ్‌లు ఒకప్పుడు ఇంటింటా ఉండేవి. ఫొటోలకు వాటి అంత శత్రువు లేదు. వాటిలో ఇరుక్కున్న ఫొటోను గోటితో పీకొద్దు. మైనం పూయని డెంటల్ ఫ్లాస్‌ను (పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం) ఫొటో వెనక నుంచి నెమ్మదిగా రంపంలా లాగితే విడిపోతుంది. విడిపోకపోతే పేజీతో పాటే కెమెరాతో నకలు తీసుకుని అలాగే వదిలేయండి.

1970ల నాటి కలర్ ఫొటోలు ఎర్రబారి ఉంటే కంగారు పడకండి. ఆ కాలపు ప్రింట్లలో నీలి రంగు ఇచ్చే పొర చీకట్లో ఉన్నా సరే ముందుగా వెలిసిపోయేది, అందుకే మిగతావి పైకి కనిపిస్తాయి. స్కాన్ చేశాక రంగు చాలావరకు సరిచేయొచ్చు. అదే కాలపు బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు ఎక్కువ గట్టివి.

రేపటికోసం:
తెలియక చేశాను. ఇంకా సగం మిగిలి ఉన్నాయి, వాటి జోలికి వెళ్లను. చెప్పినందుకు చాలా థాంక్స్ నిదానం గారూ.

పాతపెట్టె:
నిన్న రాత్రి ఆ ఫొటో ఒక్కటీ తీసుకుని వెళ్లాను. నాయనమ్మ నిద్రపోతోంది. ఈ రోజు మధ్యాహ్నం మళ్లీ వెళ్లి "నీ చిన్నప్పటి సంగతులు చెప్పు, రికార్డు చేసుకుంటా" అన్నాను. "నాదేముంది చెప్పడానికి" అని మంచం దిగి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఫోన్ చూసి బెదిరిందేమో. ఎలా అడగాలో తెలియడం లేదు.

ఆకాశదీపం:
అందరు పెద్దవాళ్లూ మొదట ఆ మాటే అంటారు. "చరిత్ర" అంటే రాజులదీ నాయకులదీ అనుకుంటారు కదా. "జీవితం గురించి చెప్పు" అంటే ఎక్కడ పట్టుకోవాలో ఎవరికైనా తెలియదు.

అమ్మ విషయంలో ఆలస్యం చేశాను కాబట్టి తర్వాత మా పెద్దమ్మ, మామయ్య, ఇంకా తొమ్మిది మందితో కూర్చున్నాను. నాకు పనిచేసింది ఇల్లు గీయించడం. ఒక కాగితం, పెన్సిల్ ఇచ్చి "నువ్వు పుట్టిన ఇల్లు ఎలా ఉండేదో గీయి పెద్దమ్మా. తలుపు ఎటు? నువ్వు ఎక్కడ పడుకునేదానివి? పక్కన ఎవరు పడుకునేవాళ్లు?" అన్నాను. పది నిమిషాల్లో ఆ ఇంట్లో ఉన్న 14 మందీ కాగితం మీదికి వచ్చేశారు. మా ఎవరికీ తెలియని ఒక చెల్లెలు కూడా వచ్చింది. ఐదేళ్లకే పోయిందట. ఏ కాగితంలోనూ లేదు. పెద్దమ్మ పక్కన పడుకునేది కాబట్టి గుర్తుంది.

ఏ సంవత్సరం అని అడగొద్దు. "అప్పటికి తమ్ముడు పుట్టాడా? నువ్వు స్కూలు మానేశాక? ఆ పెద్ద గాలివానకు ముందా తర్వాతా?" అని అడగండి. ఆ జవాబుల్లోంచి సంవత్సరం మనమే లెక్క కట్టుకోవచ్చు. అవునో కాదో అనేసి ఊరుకునే ప్రశ్నలు వేయొద్దు. "అప్పుడు కష్టంగా ఉండేదా?" అంటే "ఆఁ, ఉండేది" అంటారు, అంతే. "ఆ రోజు పొద్దున లేవగానే ఏం చేశావు?" అంటే కథ వస్తుంది.

ముఖ్యంగా, ఆవిడ మాట ఆపితే మీరు వెంటనే అందుకోవద్దు. మనసులో పది లెక్కపెట్టండి. అసలు మాట చాలాసార్లు ఆ మౌనం తర్వాతే వస్తుంది. తప్పు చెప్పినా సరిదిద్దవద్దు. 40 నిమిషాలు దాటితే అలసిపోతారు, ఇంకోరోజు వెళ్లండి.

ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద ఆవిడకు దగ్గరగా ఉంచండి. ఫ్యాన్ శబ్దం ఎంత వస్తుందో ముందే ఒక నిమిషం రికార్డు చేసి వినండి. రికార్డు చేస్తున్నట్టు చెప్పి, ఒప్పుకుంటేనే చేయండి. మొదటి నిమిషంలో తేదీ, ఇద్దరి పేర్లు, ఎక్కడ కూర్చున్నారో మీ గొంతుతో చెప్పండి. ఫైలు పేరు పోయినా ఆ సమాచారం లోపలే ఉంటుంది.

చదువరి:
ఇల్లు గీయించడం అద్భుతంగా ఉంది, నేనూ చేస్తాను.

మీ "అత్తయ్య" గురించి. తెలుగులో వంశవృక్షం వేసేవాళ్లకు పెద్ద చిక్కు ఇదే. అత్తయ్య అంటే నాన్నకు తోబుట్టువా, మేనమామ భార్యా, భర్త తల్లా, భార్య తల్లా? నాలుగూ అత్తయ్యే. మామయ్య కూడా అంతే. అందుకని "ఆ అత్తయ్య ఎవరు" అని వెతకడానికి ముందు "ఆ మాట రాసింది ఎవరు" అని వెతకండి. రాత ఎవరిదో తెలిస్తే వరస దానంతటదే తేలుతుంది. పెట్టెలోని ఉత్తరాల రాతతో ఆ పెన్సిల్ రాతను పోల్చి చూశారా? "త్త" ఒత్తు, "య్య" వంపు మనిషి మనిషికీ మారతాయి.

రెండోది. ఇప్పటి నుంచి మీరు రాసే ప్రతి సంగతి పక్కన "ఇది నాకెలా తెలుసు" అని ఒక ముక్క రాయండి. "పుట్టింది 1937" అని మాత్రమే రాస్తే అది ముప్పై ఏళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు. "1937, స్కూలు సర్టిఫికెట్ ప్రకారం" అనో, "1937 అని ఆవిడే ఫలానా రోజు నాకు చెప్పింది" అనో ఉండాలి. రెండు కాగితాల్లో రెండు తేదీలుంటే ఒకటి కొట్టేయొద్దు, రెండూ రాయండి. సంఘటన జరిగినప్పుడే రాసిన కాగితానికి, ఏళ్ల తర్వాత జ్ఞాపకంతో రాసినదానికంటే బరువు ఎక్కువ. మరణ ధ్రువపత్రంలో మరణ తేదీని నమ్మొచ్చు. అదే కాగితంలోని పుట్టిన తేదీ మాత్రం దుఃఖంలో ఉన్న ఎవరో గుర్తున్నంత మేర చెప్పినది.

తేదీలు ఇంకో రకంగానూ మోసం చేస్తాయి. ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్ 1582లో వచ్చింది, కానీ బ్రిటన్ 1752లో, రష్యా 1918లో మారాయి. 1752కి ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అక్కడి పాత రికార్డులో 1720 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1721. తల్లిదండ్రుల పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు కనిపించే కొన్ని చిక్కులు దీనితోనే విడిపోతాయి.

పేర్లదీ అదే కథ. ఒకే పేరు ఇంగ్లీషులో ఒక కాగితంలో "టీ"తో, ఇంకో కాగితంలో "టీహెచ్"తో ఉంటుంది. స్పెల్లింగ్ తేడా చూసి వేరే మనిషి అనుకోవద్దు. పలికే ధ్వనిని బట్టి పేర్లను వెతికే సౌండెక్స్ పద్ధతికి 1918లోనే పేటెంట్ ఇచ్చారంటే ఇది ఎంత పాత సమస్యో చూడండి. ఇంటింటా తిరిగే కథల్ని కూడా పరీక్షించాలి. అమెరికాలో చాలా కుటుంబాలు "ఎల్లిస్ ఐలాండ్‌లో (ఓడల్లో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన న్యూయార్క్ దీవి) అధికారి మా ఇంటిపేరు మార్చేశాడు" అని చెప్పుకుంటాయి. నిజానికి అక్కడి అధికారులు, ఓడ ఎక్కినచోటే తయారైన ప్రయాణికుల జాబితాలతో సరిపోల్చుకునేవాళ్లు. పేర్లు మారింది ఎక్కువగా తర్వాత, వాళ్ల చేతులతోనే. అలాగని కథను పారేయొద్దు. "ఇంట్లో ఇలా చెప్పుకుంటారు" అని రాసి ఉంచండి.

మూడోతరం:
ఫైళ్ల సంగతి నేను చెబుతాను, ఇది నా ఉద్యోగానికి దగ్గరి పని.

స్కానర్‌లో ఫొటోలకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క), ఉత్తరాలకు 300 చాలు. అసలు కాపీని నాణ్యత తగ్గని టిఫ్ రకం ఫైలుగా దాచుకుని, అందరికీ పంచడానికి చిన్న సైజు జేపెగ్ తీయండి. ఫొటో వెనక వైపును కూడా తప్పకుండా స్కాన్ చేయండి, ఖాళీగా ఉన్నా సరే. కాగితం కంపెనీ గుర్తు, స్టూడియో ముద్ర కాలాన్ని పట్టిస్తాయి. పత్రాలకు పీడీఎఫ్-ఏ అనే రకం ఉంది, దీర్ఘకాలం దాచడం కోసమే 2005లో ప్రమాణంగా తెచ్చారు. ఫైలు పేరును సంవత్సరంతో మొదలుపెడితే వరస దానంతటదే వస్తుంది.

చుట్టాలను వాట్సాప్‌లో ఫొటోలు పంపమంటే "డాక్యుమెంట్‌గా పంపండి" అని చెప్పండి. మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది.

దాచడానికి 3-2-1 లెక్క పెట్టుకోండి: మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఇంట్లో. ఆ "వేరే ఇంట్లో" అన్నది చాలామంది వదిలేస్తారు. 1922లో అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయి, శతాబ్దాల ఐర్లండ్ రికార్డులు బూడిదయ్యాయి. వందేళ్లకు 2022లో వాటిలో చాలా భాగాన్ని ఆన్‌లైన్‌లో తిరిగి పేర్చగలిగారు. ఎలాగంటే, వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో నకళ్లు ఉండిపోయాయి కాబట్టి. మీ తమ్ముడికో, దూరపు చెల్లెలికో ఒక హార్డ్ డిస్క్ ఇవ్వండి. ఏడాదికొకసారి తెరిచి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

క్లౌడ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. రెండేళ్లు వాడని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబర్ నుంచి తొలగిస్తోంది. మనం లేకపోయినా ఎవరికి అందాలో ముందే చెప్పే ఏర్పాటు గూగుల్‌లోనూ ఆపిల్‌లోనూ ఉంది. అది ఈ వారమే పెట్టుకోండి.

వంశవృక్షం ఏ యాప్‌లో వేసినా జెడ్‌కామ్ ఫైలుగా బయటికి తీసుకోగలగాలి. 1984లో మొదలైన ఫార్మాట్ అది, 2021లో 7.0 వచ్చింది. యాప్ మూతపడినా మీ వృక్షం మీ చేతిలో ఉంటుంది. బతికి ఉన్నవాళ్ల వివరాలు బహిరంగంగా పెట్టొద్దు. తల్లి పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన తేదీ బ్యాంకులు అడిగే రహస్య ప్రశ్నలని మర్చిపోకండి.

క్యాసెట్! దాని పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. ముందు అవి విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. పాత ప్లేయర్‌లో ముందు పనికిరాని క్యాసెట్ పెట్టి చూడండి, టేప్ నమిలేయకుండా ఉంటేనే మీది పెట్టండి. మొదటిసారి వినేటప్పుడే డిజిటల్‌లోకి ఎక్కించేయండి. రెండోసారి వినే అవకాశం ఉంటుందో లేదో చెప్పలేం.

సాయంకాలం:
ఎవరినీ నొప్పించాలని కాదు, మనసులో ఉన్న మాట అడుగుతున్నాను. నేను ఏడేళ్లు కష్టపడి 400 మంది పేర్లతో వృక్షం వేశాను. మా పిల్లలు ఒక్కసారి చూసి ఫోన్‌లోకి వెళ్లిపోయారు. వాళ్లకు అక్కరలేనిది ఎవరి కోసం దాచడం?

చదువరి:
సాయంకాలం గారూ, మీ బాధ నాకు తెలుసు. నా అనుభవం ఒకటి చెబుతాను: 400 పేర్లు ఏ పిల్లల్నీ పట్టుకోలేవు, ఒక సంఘటన పట్టుకుంటుంది. మా అబ్బాయి పరీక్ష తప్పినప్పుడు, వాడి తాతయ్య రెండుసార్లు తప్పి మూడోసారి పాసైన మార్కుల కాగితాలు మూడూ చూపించాను. ఆ రోజు నుంచి వాడే అడుగుతున్నాడు.

2001 ప్రాంతంలో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే సైకాలజిస్టులు పిల్లలకు 20 ప్రశ్నలు వేశారు: మీ అమ్మానాన్న ఎలా కలిశారు, మీరు పుట్టినప్పుడు ఏం జరిగింది, ఇలాంటివి. ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, తమ జీవితం తమ చేతిలో ఉందన్న నమ్మకం ఎక్కువగా కనిపించాయి. ఆ జవాబులు బట్టీపట్టిస్తే అదే ఫలితం వస్తుందని కాదు. అలాంటి సంగతులు చెప్పుకోవడానికి తీరిక ఉన్న ఇళ్లు అవి. ఇంట్లో పడ్డ దెబ్బలు, లేచిన తీరు రెండూ చెప్పుకునే ఇళ్లు.

వృక్షాన్ని అలాగే ఉంచండి. దాంట్లోంచి పది సంఘటనలు తీసి నలభై పేజీల చిన్న పుస్తకం వేయండి. మంచి కాగితం మీద ముద్రించిన పుస్తకం తెరవడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు.

అమ్మకూతురు:
నేనొక మాట చేర్చాలి. మీ వృక్షాల్లో ఆడవాళ్ల పేర్లు చూసుకోండి. మా ఇంట్లో ఎనిమిది తరాల మగవాళ్ల పేర్లు నోటికి వచ్చినవాళ్లున్నారు. మా ముత్తవ్వ పేరు చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. రికార్డుల్లో "ఫలానావారి భార్య", ఫొటో కింద "సతీసమేతంగా". ఆవిడ పేరు చివరికి ఒక ఇత్తడి గిన్నె అడుగున చెక్కి ఉంటే దొరికింది. ఆ రోజు గిన్నె పట్టుకుని ఏడ్చాను.

అందుకే తండ్రి వైపు ఒక్క గీతలా పైకి పోయే వృక్షం నేను వేయను. ఆనెన్‌టాఫెల్ అని పాత అంకెల పద్ధతి ఉంది, 1590లో మిఖాయెల్ ఐట్‌జింగర్ పుస్తకంలో వాడారు. మీరు 1. నాన్న 2, అమ్మ 3. ఎవరి అంకెనైనా రెట్టింపు చేస్తే వాళ్ల నాన్న, దానికి ఒకటి కలిపితే వాళ్ల అమ్మ. నాయనమ్మ 5, అమ్మమ్మ 7. 1 తప్ప బేసి అంకెలన్నీ అమ్మలే. ఏ బేసి అంకె పక్కన ఖాళీ ఉందో చూస్తే ఏ అమ్మను మర్చిపోయామో తెలుస్తుంది. నా పట్టికలో 13, 15 ఇంకా ఖాళీ.

వస్తువుల్నీ ఫొటో తీయండి. గిన్నెల అడుగులు, కుట్టుమిషన్ పెట్టెలు, పుస్తకాల మొదటి పేజీలు.

సంచారి:
డీఎన్ఏ పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. పనికొస్తుంది. సొంత అన్నదమ్ములు దాదాపు సగం డీఎన్ఏ పంచుకుంటారు, పెదనాన్న, పిన్ని పిల్లలతో సగటున 12.5 శాతం. తల్లి వైపు గీత మైటోకాండ్రియా డీఎన్ఏలో, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే గీత వై క్రోమోజోమ్‌లో ఉంటాయి. కాగితాలు కాలిపోయిన చోట ఇదే ఆధారం.

కానీ చేయించే ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. నేను సరదాగా చేయించుకున్నాను. నాకు చాలా దగ్గరి బంధువని ఒక మనిషి జాబితాలో కనిపించాడు, మాకెవరికీ తెలియని మనిషి. దాని వెనక ఉన్నది మా ఇంటి పెద్దావిడ ఒకరు యాభై ఏళ్లు మోసిన దుఃఖం. ఆవిడ బతికే ఉన్నారు. ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఆవిడనే ఒంటరిగా కలిసి, నాకు తెలిసిందని మాత్రం చెప్పి, ఇంకెవరికైనా చెప్పాలా వద్దా అన్నది ఆవిడకే వదిలేశాను. "నేను పోయాక చెప్పు" అన్నారు. రాసి, మూసిన కవరులో పెట్టాను. నిజాన్ని చెరపలేదు, ఆవిడ మాటా తప్పలేదు.

నిదానం:
సరైన పని చేశారు సంచారి గారూ. ఫలానా తేదీ వరకు తెరవొద్దని రాసి మూసిన పత్రాలు పెద్ద పెద్ద భాండాగారాల్లోనే ఉంటాయి. ఇంట్లోనూ ఉండొచ్చు.

పాతపెట్టె (మూడు వారాల తర్వాత):
అందరికీ. ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

ఆకాశదీపం గారూ, కాగితం పెన్సిల్ పట్టుకెళ్లాను. నాయనమ్మ మొదట నవ్వింది. తర్వాత తను కాపురానికి వచ్చిన ఇల్లు గీసింది. బావి దగ్గర పెన్సిల్ ఆపి చాలాసేపు ఊరుకుంది. నేను మాట్లాడలేదు. ఆ తర్వాత 35 నిమిషాలు చెప్పింది. ఇప్పటికి ఐదు రికార్డింగులయ్యాయి. తనే "ఇవాళ కూర్చోవా?" అని అడుగుతోంది. చివరి రెండుసార్లు నాన్న కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడి విన్నారు.

చదువరి గారూ, రాత పోల్చాను. ఆ "అత్తయ్యతో" నాయనమ్మ రాసింది కాదు, తాతయ్య రాసింది కాదు. ఖర్చుల పుస్తకంలో ఉన్న రాత, అంటే పెద్దనాయనమ్మది. అప్పుడు ఫొటో నాయనమ్మకు ఇచ్చాను. మొదట వెనక వైపు చూసింది, "అక్క రాత" అంది, వాళ్ల తోడికోడలిని అలా పిలిచేదట. తర్వాత ముందుకు తిప్పి, కళ్లజోడు తెప్పించుకుని, ఎడమ వైపు ఉన్నావిడ మీద వేలు పెట్టింది.

"మా అత్తగారు."

అంటే నాన్నకు సొంత నాయనమ్మ. నాన్నకు నాలుగో ఏట పోయారు. ఆవిడ ఫొటో ఒక్కటి కూడా లేదని ఇన్నేళ్లూ అందరం అనుకున్నాం. నాన్న ఎప్పుడూ ఆవిడ ముఖం గుర్తు లేదని చెప్పేవారు. ఫొటో చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లిపోయారు. ఇంకో రెండు వారాల ముందే నేను ఈ ఒక్క ఫొటో పట్టుకుని పక్క గదిలోకి నడిచి ఉంటే సరిపోయేది.

ఆవిడ పేరు నాయనమ్మ చెప్పింది. ఇక్కడ రాయను. మా పుస్తకంలో రాసుకున్నాను, "నాయనమ్మ చెప్పగా, రెండో రికార్డింగు, 18వ నిమిషం" అని పక్కన పెట్టి. అమ్మకూతురు గారూ, నాన్న పట్టికలో 5 నిండింది.

క్యాసెట్ ఇంకా పెట్టలేదు. పలకలు మాత్రం విరిచాను.

అమ్మకూతురు:
చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ నాన్నగారు ఎలా ఉన్నారు?

పాతపెట్టె:
ఫొటోను నకలు తీసి ఇమ్మన్నారు, పర్సులో పెట్టుకున్నారు. అసలుది కవరులోనే ఉంది.

ఆ పిల్లాడెవరో మాత్రం నాయనమ్మకూ తెలియలేదు. ఫొటో తీసేటప్పుడు కదిలాడు, ముఖం చెదిరిపోయింది. నాన్నే అయ్యుంటాడని బాబాయి అంటున్నారు, వయసు సరిపోతుంది. నాయనమ్మ తల అడ్డంగా ఊపింది, ఆ చొక్కా మా ఇంటిది కాదు అంది. పెద్దనాయనమ్మ వైపు వాళ్లలో ఒక పెద్దావిడ ఉన్నారు, 91 ఏళ్లు. ఈ ఆదివారం ఫొటో తీసుకుని నాన్నా నేనూ వెళ్తున్నాం. అప్పటిదాకా ఆ పేరు దగ్గర ప్రశ్నార్థకం పెట్టాను.